వాటర్లూ యుద్ధం ‘నైస్’ ఎలా అయింది?

(గిడుగు రామమూర్తి స్మారకోపన్యాస పాఠం)

1815 జూన్ 18న బ్రస్సెల్స్ నగరానికి దక్షిణాన వాటర్లూ దగ్గర జరిగిన యుద్ధంలో చనిపోయినవారు, గాయపడ్డవారు రెండు పక్షాల్లో కలిపి 40,000 మందికి పైనే. మర్నాడు బ్రస్సెల్స్‌లో విజేత వెల్లింగ్టన్‌ను థామస్ క్రీవీ అనే ఇంగ్లీషు రాజకీయవేత్త కలిశాడు. సేనాధిపతి నోట వచ్చిన మాటలను తర్వాత కాగితం మీద పెట్టాడు. ఆ మాటల్లో యుద్ధానికి వెల్లింగ్టన్ వాడిన విశేషణం ‘నైస్’.

ఇవాళ ఇంగ్లీషు చదువుకున్న తెలుగు విద్యార్థి ఆ వాక్యం దగ్గర ఆగిపోతాడు. పొలాల నిండా శవాలు పడి ఉంటే, గెలిచినవాడు ‘బాగుంది’ అన్నాడా? వెల్లింగ్టన్ అంత కఠినాత్ముడు కాడు. తన సైన్యం, మిత్రసైన్యం కలిసి 30,000 మందిని పోగొట్టుకున్నాయని అదే సంభాషణలో బాధపడ్డాడు. ఆయన ఉద్దేశంలో ‘నైస్’ అంటే వెంట్రుకవాసిలో తేలినది, అటో ఇటో చెప్పలేనంత సన్నని అంచు మీద నిలిచినది. ఆ రోజుల్లో ఆ మాట ఆ అర్థంలో చక్కగా చెల్లేది. విన్న క్రీవీకి వింతగా తోచలేదు. మాట మారలేదు, దాన్ని పలికే నోళ్ళు మారాయి.

గిడుగు రామమూర్తిని తలుచుకునే సభలో ఒక ఇంగ్లీషు విశేషణం గురించి ప్రసంగమేమిటని ఎవరైనా అడగవచ్చు. గిడుగు జీవితమంతా పట్టుకున్న సూత్రం ఒకటుంది. మాటకు అర్థమేమిటో, ఏ రూపం ఒప్పో, ఆ మాటతో బతుకుతున్నవాళ్ళను అడిగి తెలుసుకోవాలి. పుస్తకం వాళ్ళకు సాక్షి కావచ్చు గాని, వాళ్ళ మీద న్యాయాధికారి కాలేదు. 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టి, పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసిన ఆయన ఈ సూత్రాన్ని తెలుగు కంటే ముందు ఆ ప్రాంతపు కొండజాతి భాష అయిన సవర దగ్గర నేర్చుకున్నాడు. సవరకు అప్పటికి రాసిన వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. మనుషులున్నారు. వాళ్ళను ఇంట్లో ఉంచుకుని, వాళ్ళు పలికింది పలికినట్టు రాసుకుని, ఏ మాట ఎక్కడ వస్తుందో గమనించి నేర్చుకున్నాడు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు మద్రాసులో అచ్చయ్యాయి. ఆ పద్ధతిలో ‘నైస్’ లాంటి మాటను పరిశీలిస్తే ఎంత దొరుకుతుందో చూపడమే ఈ ప్రసంగం పని.

ముందు పుట్టుక. లాటిన్‌లో ‘స్కీరె’ అంటే తెలుసుకోవడం. దానికి ముందు నిషేధార్థక ‘నె’ చేరితే ‘నెస్కియుస్’: తెలియనివాడు, అజ్ఞాని. ఆ మాట పాత ఫ్రెంచిలో అరిగి ‘నీస్’ అయింది. అర్థం తెలివితక్కువ, మొద్దు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలుచుకున్న తర్వాత ఫ్రెంచి మాటలు గుంపులు గుంపులుగా ఇంగ్లీషులోకి దిగాయి. ఆ వరసలో 1300 ప్రాంతానికి ఇదీ దిగింది. తెలుసుకోవడమనే అదే ధాతువు నుంచి ‘సైన్స్’ వచ్చింది, అంతరాత్మకు ఇంగ్లీషు పేరైన ‘కాన్షెన్స్’ వచ్చింది. ‘సైన్స్’కీ ‘నైస్’కీ చుట్టరికం ఉందంటే ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళే చాలామంది నమ్మరు.

ఆ లాటిన్ మాటకు పుట్టిన మరో బిడ్డ స్పానిష్‌లో ఉంది: ‘నేసియో’. ఇవాళ మాడ్రిడ్‌లో ఎవరినైనా ‘నేసియో’ అంటే తిట్టినట్టే, వెర్రివాడని అన్నట్టే. లండన్‌లో దాని తోబుట్టువుతో పిలిస్తే మెచ్చుకున్నట్టు. ఇక ఫ్రెంచిలో, అంటే ఇంగ్లీషువాళ్ళు అరువు తెచ్చుకున్న ఇంట్లోనే, ఆ మాట వాడుక నుంచి తప్పుకుంది.

14వ శతాబ్దిలో చాసర్ రాసిన చోట్ల ‘నైస్’ అంటే బుద్ధిలేని, తెలివితక్కువ అనే అర్థం. అప్పటి ఉచ్చారణ కూడా ‘నైస్’ కాదు. ఇంగ్లీషు దీర్ఘాచ్చులన్నీ స్థానాలు మారకముందు కాలమది గనక ‘నీస్’కు దగ్గరగా పలికేవారు. తర్వాతి రెండు శతాబ్దాల్లో ఆ మాట పట్టిన దారులు చూస్తే తల తిరుగుతుంది. బుద్ధిలేనివాడు ఆడంబరంగా బట్టలు కడతాడు గనక, డాబుసరి వేషానికి ‘నైస్’. హద్దు తెలియని విలాసానికీ ‘నైస్’. సోమరికీ, సుకుమారికీ ‘నైస్’. ముట్టుకుంటే కందిపోయే సుకుమారం నుంచి బిడియానికి, బిడియం నుంచి ఓ పట్టాన ఏదీ నచ్చని పట్టింపుకు జరిగింది. అన్నంలో రాయి కాదు, మెరిక గింజ తగిలినా కంచం తోసేసే మనిషి అప్పటి ఇంగ్లీషులో ‘నైస్’. అలాంటివాడి కన్ను సామాన్యులకు కనపడని తేడాలను పట్టుకుంటుంది. కాబట్టి ఆ కన్నూ ‘నైస్’, ఆ కన్నుకు మాత్రమే కనపడే సన్నని తేడా కూడా ‘నైస్’. ఆ తేడా పట్టింపుకు తగనంత చిన్నదైతే, అంటే అల్పమైనదైతే, అదీ ‘నైస్’.

ఈ అల్పమనే అర్థం షేక్‌స్పియర్‌లో విద్యార్థులను బోల్తా కొట్టిస్తుంది. ‘రోమియో అండ్ జూలియట్’ అయిదో అంకంలో ఒక సన్యాసి చేతికిచ్చి పంపిన ఉత్తరం రోమియోకు చేరదు. మహమ్మారి భయంతో కావలివాళ్ళు ఆ సన్యాసిని ఒక ఇంట్లో పెట్టి తలుపులు మూసేశారు. సంగతి విన్న ఫ్రయర్ లారెన్స్, ఆ ఉత్తరం పంపినవాడు, నెత్తి బాదుకుంటూ, అది ‘నైస్’ ఉత్తరం కాదంటాడు. ఉత్తరం బాగాలేదని కాదు, అది అల్పమైన ఉత్తరం కాదని, అందులో ప్రాణాలున్నాయని ఆయన గోల. మాట తెలియనివాడికి నాటకంలో అత్యంత విషాదకరమైన మలుపు జారిపోతుంది. తెలిసినవాడికి ఆ వాక్యం గుండెల్లో దిగుతుంది.

16, 17 శతాబ్దాల రచనల్లో చాలాచోట్ల ఆ మాటను రచయిత ఏ అర్థంలో వాడాడో తేల్చడం కష్టమని ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు సంపాదకులే రాసుకున్నారు. ప్రయోగాలను లక్షల సంఖ్యలో పోగుచేసుకుని కూర్చున్నవాళ్ళు అలా ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. నిఘంటువు గొప్పతనం అన్నిటికీ జవాబు చెప్పడంలోనే కాదు, ఎక్కడ జవాబు తెగదో నిజాయితీగా చెప్పడంలోనూ ఉంటుంది.

1755లో శామ్యూల్ జాన్సన్ తన రెండు సంపుటాల నిఘంటువు వెలువరించాడు. ‘నైస్’కు ఆయన ఇచ్చిన అర్థాలు సూక్ష్మంగా నిర్ణయించగలిగేది, అతి జాగ్రత్త గలది, ఏదీ ఓ పట్టాన నచ్చనిది, సులభంగా దెబ్బతినేది, సంస్కారవంతమైనది, ఇలా సాగుతాయి. ఇవాళ అందరూ వాడే ‘బాగున్న, ఆహ్లాదకరమైన’ అనే అర్థం వాటిలో లేదు. అప్పటికే ఇళ్ళలోనూ ఉత్తరాల్లోనూ ఆ అర్థం మొలకెత్తుతోంది. 18వ శతాబ్ది రెండో సగంలో అది కాగితం మీద స్పష్టంగా కనపడుతుంది. జాన్సన్ చెవికి అది వినపడలేదో, విన్నా గ్రంథస్థం చేయదగిందిగా తోచలేదో గాని, పండితుడి పుస్తకానికీ జనం నోటికీ మధ్య ఎప్పుడూ ఉండే ఎడం అక్కడ కళ్ళకు కడుతుంది. నాజూకు చేతి పని, నాజూకు రుచి, నాజూకు భోజనం అంటూ వాడగా వాడగా, నాజూకు పక్కకు తప్పుకుని ఇష్టం ఒక్కటే మిగిలింది.

ఆ నాజూకు తెలుగులో ఇప్పటికీ ఎలా బతుకుతోందో చూస్తే ఇంగ్లీషు కథ సగం అర్థమవుతుంది. పారశీకం నుంచి వచ్చిన ఈ మాట నాజూకు నడుము అన్నప్పుడు సుకుమారం. నాజూకు పనితనం అన్నప్పుడు నేర్పు. ‘ఇది చాలా నాజూకైన వ్యవహారం’ అన్నప్పుడు తేడా వస్తే చెడిపోయే సంగతి. ‘నాజూకుగా తప్పుకున్నాడు’ అన్నప్పుడు ఎవరికీ నొప్పి తగలని ఉపాయం. 17వ శతాబ్దపు ‘నైస్’ను తెలుగు చేయాలంటే దీనికి మించిన మాట దొరకదు. వెల్లింగ్టన్ యుద్ధాన్ని కూడా ఆ మూడో నాజూకు కిందే చదవాలి.

ఇక ఈ మాట చరిత్రలో అత్యంత ప్రసిద్ధమైన ఘట్టం ఒక నవలలో ఉంది. జేన్ ఆస్టిన్ ‘నార్తాంగర్ ఆబీ’ని 1790ల చివర రాసింది. 1803లో 10 పౌండ్లకు ఒక ప్రచురణకర్తకు అమ్మింది. ఆయన దాన్ని అచ్చు వేయకుండా అలాగే పెట్టుకున్నాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత అదే సొమ్ము తిరిగిచ్చి రాతప్రతిని విడిపించుకోవలసివచ్చింది. 1817 జూలైలో ఆమె చనిపోయింది, డిసెంబరులో నవల వచ్చింది. పద్నాలుగో అధ్యాయంలో 17 ఏళ్ళ కేథరిన్ మోర్లాండ్, హెన్రీ టిల్నీ, అతని సోదరి ఎలినర్ బాత్ నగరం పక్కనున్న బీచెన్ క్లిఫ్ మీదికి షికారు వెళతారు. ఆన్ రాడ్‌క్లిఫ్ 1794లో రాసిన ‘ద మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో’ ప్రపంచంలోకెల్లా ‘నైస్’ పుస్తకం కదా అంటుంది కేథరిన్. హెన్రీకి అవకాశం దొరికింది. ‘నైస్’ అంటే పొందిక అని గదా అర్థం, అయితే అది పుస్తకం అట్ట కట్టిన తీరు మీద ఆధారపడుతుందని ఆటపట్టిస్తాడు. ఈ రోజు ‘నైస్’, ఈ నడక ‘నైస్’, మీరిద్దరూ ‘నైస్’, అన్నిటికీ ఒకే మాట సరిపోతోందని వెక్కిరిస్తాడు. ఒకప్పుడు పొందికకూ, సున్నితత్వానికీ, సంస్కారానికీ మాత్రమే వాడిన మాట ఇలా అయిపోయిందని అతని ఫిర్యాదు.

ఈ ఘట్టాన్ని ఇంగ్లీషు పంతుళ్ళు రెండు వందల ఏళ్ళుగా హెన్రీ పక్షాన నిలబడి చదువుతున్నారు. ఆస్టిన్ మాత్రం అతని పక్షాన పూర్తిగా నిలబడలేదు. పక్కనే ఎలినర్ ఉంది. జాన్సన్ నిఘంటువు, హ్యూ బ్లెయిర్ అలంకారశాస్త్ర ఉపన్యాసాలు చేతపట్టుకుని తన సోదరుడు అందరి మీదా పడతాడని కేథరిన్‌కు ముందే హెచ్చరిక చేస్తుంది. ఆపైన అతన్ని మందలించడానికి అదే ‘నైస్’ను పాత అర్థంలో అతని మీదికే తిప్పుతుంది. పట్టింపు పాలెక్కువ, వివేకం పాలు తక్కువ అన్న భావంలో. ఒకే పేజీలో మాట పాత ముఖం, కొత్త ముఖం రెండూ కనపడతాయి. రెండూ చెల్లుబాటవుతాయి. ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అంటున్నారన్నదే అర్థాన్ని నిర్ణయిస్తుంది. భాషాశాస్త్రవేత్త ఒక అధ్యాయంలో చెప్పేది ఆస్టిన్ నాలుగు వాక్యాల సంభాషణలో చూపించింది.

1926లో హెచ్.డబ్ల్యు. ఫౌలర్ ఇంగ్లీషు వాడుక మీద నిఘంటువు ప్రచురించినప్పుడు ‘నైస్’ దగ్గర ఆగి, ఆడవాళ్ళకు ఆ మాట మరీ ముద్దయిపోవడం వల్ల దాని ప్రత్యేకత కరిగిపోయి, పల్చని ఇష్టాన్ని వెదజల్లే మాటగా మిగిలిందని నింద వేశాడు. ఫౌలర్ ఎంతో ఉపకారం చేసిన పెద్దమనిషి. అయినా ఈ తీర్పు నిలవదు. పాత అర్థాలను సొగసుగా ప్రయోగించి చూపించింది ఒక స్త్రీ, ఆమె నవలలో ఒక స్త్రీ పాత్ర. కొత్త అర్థం స్త్రీల ఉత్తరాల్లో మొదట కనపడితే, జనం పలికే భాషకు దగ్గరగా రాసినవాళ్ళు వాళ్ళేనన్న మాట. తెలుగులోనూ వాడుక భాష మీద దాడి ‘ఇది గ్రామ్యం’ అనే ఈసడింపుగానే వచ్చింది. బడిలో చెప్పే తెలుగుకూ బజారులో వినపడే తెలుగుకూ ఇంత దూరమేమిటని జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు ఇన్‌స్పెక్టరు విశాఖపట్నం ప్రాంతపు బడుల్లో అడిగిన ప్రశ్నను గిడుగు సీరియస్‌గా పట్టుకున్నాడు. తర్వాత ముప్ఫై ఏళ్ళకు పైగా ఆయన ఎదుర్కొన్నది ఆ ఈసడింపునే.

పుట్టినప్పటి అర్థమే అసలు అర్థమని వాదించేవారు తెలుగు సభల్లోనూ ఉంటారు. ఆ మాట నిజమైతే ‘సభికులారా’ అని పిలవడానికి వక్తకు ధైర్యం చాలకూడదు. సంస్కృతంలో సభికుడంటే జూదశాల నడిపేవాడు. శూద్రకుడి ‘మృచ్ఛకటికం’ రెండో అంకంలో ఓడిన జూదరిని వీధుల వెంట తరిమే మాథురుడు సభికుడే. వైతాళికులు ఒకప్పుడు తెల్లవారుజామున రాజును మేలుకొలిపే స్తుతిపాఠకులు, ఇప్పుడు జాతిని మేలుకొలిపిన మహనీయులు. ఛాందసుడు ఒకనాడు వేదం తెలిసినవాడు, ఇప్పుడు కాలం తెలియనివాడు. నువ్వుల నుంచి తీసిన నెయ్యి గనక నూనె. ఇవాళ వేరుశనగ నూనె, కొబ్బరినూనె అనడానికి ఎవరూ వెనకాడరు. ‘కంపు’ సంగతి మరీ ముచ్చట. పాత తెలుగులో అది పరిమళం. కన్నడంలో ఇప్పటికీ పరిమళమే. బెంగళూరులో మల్లెలకు కంపు ఉంటుంది, హైదరాబాదులో మురిక్కాలవకు ఉంటుంది. స్పానిష్ ‘నేసియో’కూ ఇంగ్లీషు ‘నైస్’కూ ఉన్న ఎడం లాంటిదే ఇదీ. ఇంగ్లీషులో ‘నైస్’కు ఎదురుదారిలో నడిచిన మాట ‘సిల్లీ’. పాత ఇంగ్లీషులో దాని పూర్వరూపానికి ధన్యమైన, దీవెన పొందిన అని అర్థం. జర్మన్‌లో దాని తోబుట్టువు ‘జేలిష్’ నేటికీ ఆ గౌరవంలోనే ఉంది. ధన్యుడు అమాయకుడై, అమాయకుడు జాలిపడదగినవాడై, చివరికి తెలివితక్కువవాడయ్యాడు. ‘నైస్’ బయలుదేరిన ఊరికి ‘సిల్లీ’ చేరింది.

అర్థం ఎలా మారిందో తెలిస్తే చాలదు, ఇప్పుడు ఎలా నడుస్తోందో చూడాలి. ఇంగ్లీషు రాత పరీక్షల్లో ‘నైస్’ వాడవద్దని పంతుళ్ళు ఎర్రసిరాతో గీస్తారు. వెలితి మాట, ఏమీ చెప్పని మాట అంటారు. ఆ సలహాలో కొంత నిజముంది. సినిమా బాగుందన్నంత మాత్రాన సినిమా గురించి తెలిసేది లేదు. మాట్లాడేటప్పుడు మాత్రం ‘నైస్’ చేసే పనులు ఆ ఎర్రసిరాకు కనపడవు.

‘నైస్ అండ్ వార్మ్’ అని ఒక ఇంగ్లీషు ఇల్లాలు గది గురించి అంటే, గది బాగుంది, వెచ్చగానూ ఉంది అని రెండు సంగతులు చెప్పడం లేదు. కావలసినంత వెచ్చగా, హాయిగా ఉందని ఒకే సంగతి చెబుతోంది. అక్కడ ‘నైస్’ పక్క విశేషణానికి బలమిస్తోంది. ఇది తెలుగువాడికి కొత్త కాదు. ‘మంచి ఎండలో వచ్చావేంరా’ అని అమ్మమ్మ మనవణ్ణి కోప్పడినప్పుడు ఎండను మెచ్చుకోవడం లేదు. మంచి నిద్ర, మంచి వయసు, మంచి ఆకలి అన్నప్పుడు ‘మంచి’ చేసేది అదే పని: నిండుదనం, పట్టు. అదే ‘మంచి’ నీళ్ళ పక్కన చేరితే తాగదగినవని, రోజు పక్కన చేరితే శుభమని, మనిషి పక్కన చేరితే గుణవంతుడని అర్థం. వీటిలో అసలు అర్థమేదని తెలుగువాడెవడూ కంగారుపడడు. పక్కనున్న మాటే అర్థాన్ని పట్టిస్తుంది.

ఇంగ్లీషువాడు ‘నైస్ బిగ్ రూమ్’ అంటాడు గాని ‘బిగ్ నైస్ రూమ్’ అనడు. అభిప్రాయం చెప్పే విశేషణం ముందు, కొలత చెప్పేది తర్వాత. ఈ సూత్రం అతనికి ఎవరూ నేర్పలేదు. తప్పు విన్నప్పుడు చెవికి గుచ్చుకుంటుంది, అంతే. మొదటిసారి పరిచయమైనవారితో ‘నైస్ టు మీట్ యూ’, విడిపోయేటప్పుడు ‘నైస్ మీటింగ్ యూ’, పాత పరిచయస్తులు కనపడితే ‘నైస్ టు సీ యూ’. అమెరికాకు వెళ్ళిన తెలుగు ఉద్యోగులు రోజూ కనపడే మేనేజరుతో మొదటిది అనేసి అవతలివాడి కనుబొమలు లేవడం చూస్తారు. వ్యాకరణం తప్పు కాదు, అర్థమూ తప్పు కాదు, సందర్భం తప్పు. ఇంట్లో పిల్లవాడు తోటివాణ్ణి గిల్లితే ఇంగ్లీషు తల్లి ‘దట్స్ నాట్ వెరీ నైస్’ అంటుంది. పైకి ‘అంత బాగాలేదు’ అన్నట్టు మెత్తగా వినపడే ఆ వాక్యం ఆ ఇంట్లో గట్టి మందలింపు.

పాత అర్థం పూర్తిగా చనిపోలేదు కూడా. న్యాయస్థానాల్లో అది గౌరవంగా బతుకుతోంది. లండన్‌లో గాని, భారతదేశంలో గాని ఒక న్యాయమూర్తి తీర్పులో ‘నైస్ క్వశ్చన్ ఆఫ్ లా’ అని రాస్తే, వకీలు మంచి ప్రశ్న అడిగాడని మెచ్చుకోవడం కాదు. అటూ ఇటూ సమానంగా తూగే, జాగ్రత్తగా విడదీయవలసిన సన్నని న్యాయాంశమని. తెలుగు రాష్ట్రాల్లో లా చదివే పిల్లలకు ఈ ఒక్క సంగతి మొదటి ఏడే చెప్పగలిగితే పాత తీర్పులు చదవడం తేలికవుతుంది. ‘నైసిటీ’ అనే నామవాచకం కూడా పాత ఇంటిని వదల్లేదు. దానికి నేటికీ సూక్ష్మత, వివరం అనే అర్థాలే.

మనుషులకు వాడినప్పుడు ‘నైస్’ మీద ఇంకో నీడ పడింది. 1946లో బ్రూక్లిన్ డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టు మేనేజరు లియో డురోచర్, ప్రత్యర్థులైన న్యూయార్క్ జెయింట్స్ ఆటగాళ్ళను చూపిస్తూ, వాళ్ళంతా ‘నైస్’ మనుషులే, అందుకే పట్టికలో అడుగున ఉన్నారన్న ధోరణిలో మాట్లాడాడు. ఆ మాటలు కుదించుకుపోయి, ‘నైస్’ మనుషులు వెనకబడిపోతారనే సామెతగా అమెరికా అంతా పాకాయి. బెర్ట్రాండ్ రసెల్ ‘నైస్ పీపుల్’ పేరుతో ఒక వ్యాసమే రాశాడు. పైకి మర్యాదస్తులై, ఇతరుల సంతోషాన్ని ఓర్వలేని పెద్దమనుషులను అందులో చీల్చి చెండాడాడు. ఇప్పటి ఇంగ్లీషులో ‘నైస్’ మనిషికీ ‘కైండ్’ మనిషికీ తేడా చేసి మాట్లాడేవారున్నారు. మొదటివాడు ఇబ్బంది పెట్టనివాడు, రెండోవాడు ఇబ్బందిలో ఆదుకునేవాడు. ఇన్ని అర్థాలు నడిచిన మాట ఇంకా నడుస్తూనే ఉందనడానికి ఇదే గుర్తు.

ఇక తెలుగు ‘నైస్’. దీన్ని ఇంగ్లీషు మాట అనడం సగమే నిజం. ‘వదినా, మినప్పిండి ఇంకాస్త నైస్‌గా రుబ్బాలి’ అన్నప్పుడు ఆ మాటకు మెత్తగా, పలుకు లేకుండా అని అర్థం. పిండిమర దగ్గర, తెలంగాణలో గిర్నీ దగ్గర, ‘నైస్‌గా పట్టు’ అంటే చాలు, పట్టేవాడికి తెలుస్తుంది. గుడ్డను చేత్తో తడిమి ‘నైస్‌గా ఉంది’ అంటే నున్నగా, జారుతున్నట్టు ఉందని. ఇదంతా స్పర్శకు సంబంధించిన అర్థం. నేటి లండన్‌లో పిండిని ‘నైస్’గా రుబ్బమంటే ఎవరికీ అర్థం కాదు. తమిళులు, కన్నడిగులు మాత్రం తెలుగువాళ్ళలాగే ఈ మాటతోనే రుబ్బుతారు. ఒక ఇంగ్లీషు మాటకు దక్షిణ భారతం వంటిళ్ళలో సొంత అర్థం స్థిరపడింది.

స్పర్శ నుంచి ప్రవర్తనకు పాకడం ఎంతసేపు? ‘నైస్‌గా మాట్లాడి సంతకం పెట్టించుకున్నాడు’, ‘పని మొదలయ్యేసరికి నైస్‌గా జారుకుంది’. ఇక్కడ నున్నదనం మాటల్లోకి, చేతల్లోకి వచ్చింది. గరుకు తగలకుండా, ఎదుటివాడికి అనుమానం రాకుండా పని చక్కబెట్టుకోవడం. ‘నాజూకుగా తప్పుకున్నాడు’ పక్కన పెట్టి చూస్తే రెండూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. మెత్తన, సన్నన, సూక్ష్మం, ఉపాయం అనే ఈ వరస 16, 17 శతాబ్దాల ఇంగ్లీషు ‘నైస్’ నడిచిన వరసకు చాలా దగ్గర. తెలుగు ఆడవాళ్ళెవరూ జాన్సన్‌ను చదివి ఆ పని చేయలేదు. మనుషుల ఊహ ఎక్కడైనా ముట్టుకున్న దాని నుంచే ముట్టుకోలేని దానికి సాగుతుంది.

బిస్కెట్ల విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పైన పంచదార పలుకులు, లోపల కొబ్బరి రుచితో బ్రిటానియా ‘నైస్ టైమ్’ తెలుగు ఇళ్ళలో చాలామంది తిన్నారు. ఆ రకం బిస్కెట్టును బ్రిటన్‌లో ‘నైస్’ అనాలా, ఫ్రాన్సు సముద్రతీరంలోని ఊరి పేరు మీద ‘నీస్’ అనాలా అని అక్కడివాళ్ళు నేటికీ వాదించుకుంటారు. ఆ ఊరి పేరు గ్రీకు ‘నికాయా’ నుంచి, అంటే విజయం నుంచి వచ్చింది. విశేషణంతో దానికి ఏ చుట్టరికమూ లేదు. రాతలో ఒకేలా ఉన్నంత మాత్రాన రెండు మాటలు ఒకటి కావు.

తెలుగు నిఘంటువుల్లో ‘నైస్’ను పరాయి మాటగా కాక సొంత పదంగా చేర్చే రోజు రావాలి. అరువు మాటలకు ఇచ్చే ఏకవాక్య వివరణతో కాదు, తెలుగులో దానికి స్థిరపడిన అర్థాలతో చేర్చాలి. మొదటిది, పిండి, పొడి విషయంలో మెత్తని, పలుకులేని. రెండోది, గుడ్డ, కాగితం, చెక్క విషయంలో నున్నని. మూడోది, ‘గా’ చేరినప్పుడు ఎదుటివారికి తెలియకుండా, నేర్పుగా. నాలుగోది, నేటి ఇంగ్లీషు నుంచి నేరుగా వచ్చిన మెచ్చుకోలు. ఒక్కో అర్థానికీ ఏ జిల్లాలో, ఏ వృత్తివారి నోట విన్నదో రాయాలి. ఉత్తరాంధ్రలో ఎలా ఉంది, రాయలసీమలో ఎలా ఉంది, తెలంగాణ గిర్నీల దగ్గర ‘నైస్’కు పక్కన ‘సన్నగా’ ఇంకా ఎంత బలంగా నిలబడింది, వడ్రంగి ఉప్పుకాగితం పట్టేటప్పుడు ఏ మాట వాడుతున్నాడు? ఇవన్నీ విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల విద్యార్థులు ఒక వేసవి సెలవుల్లో సేకరించగలిగిన సంగతులు. కావలసినవి ఒక నోటుబుక్కు, ఒక రికార్డరు, అడిగిన మనిషి చెప్పింది దిద్దకుండా రాసుకునే ఓపిక. పర్లాకిమిడిలో సవరల దగ్గర కూర్చున్న పంతులుకు అందులో రికార్డరు కూడా లేదు.